సాక్ష్యం చెప్పిన తర్వాత

మా అమ్మాయికి మొదటిసారి మూర్ఛ వచ్చింది బడిలో, పొద్దున్న ప్రార్థనకి పిల్లలంతా వరసల్లో నిలబడి ఉన్నప్పుడు. అప్పుడది పదకొండో తరగతి చదువుతోంది. నేను అదే బడిలో చిన్న తరగతులకి పాఠాలు చెప్పేదాన్ని. నా పిల్లల వరస సర్దుతుంటే వెనక ఏదో పడిన చప్పుడైంది. ఎవరో పుస్తకాల సంచి జారవిడుచుకున్నారనుకున్నాను. తిరిగి చూస్తే నేలమీద ఉన్నది నా కూతురు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, కళ్ళు పైకి తిరిగిపోయాయి. ప్యూను "లోహా పక్‌డావో, లోహా!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి తన తాళంచెవుల గుత్తి దాని గుప్పిట్లో కుక్కబోయాడు. ఇనుము ముట్టిస్తే మూర్ఛ దిగుతుందని అతని నమ్మకం. నేను దాన్ని పక్కకి తిప్పి తల ఒళ్ళో పెట్టుకున్నాను. "ప్రభువా" అన్నాను. అంతకంటే పొడుగు ప్రార్థన ఆ రోజు నాకు చేతకాలేదు.

మేము ఉండేది భిలాయి సెక్టర్ 4లో, ఉక్కు ప్లాంటు క్వార్టర్లో. మా ఆయన రైలుపట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తారు. మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో చేరి, ఇక్కడే రిటైరై, ఇక్కడే పోయారు. అప్పట్నుంచి అత్తయ్య మా దగ్గరే ఉంటోంది. పెళ్ళై భిలాయి వచ్చేనాటికి ఆవిడకి చదువు రాదు. సంఘంలో స్త్రీల కూటానికి వెళ్ళి, బైబిలు తనంతట తను చదువుకోవాలన్న పట్టుదలతో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పటికీ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా కూడదీసుకుని చదువుతుంది. మేము పరుగులో దాటేసే చోట ఆవిడ ఆగుతుంది. ఆగి, "ఇదేటి ఇలగన్నాడు?" అని తనలో తను అనుకుంటుంది.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఇది మిర్గీ, అంటే మూర్ఛరోగం, చాలామందికి ఉండేదే, మందులకి లొంగుతుంది. పొద్దున్నా సాయంత్రం మాత్రలు. మూర్ఛలు రాకుండా కొన్నేళ్ళు గడిస్తే అప్పుడు తగ్గించుకుంటూ వద్దాం. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మీ అంతట మీరు ఎప్పుడూ మానెయ్యకూడదు. స్నానాలగది గొళ్ళెం పెట్టుకోవద్దు. రోడ్డు మీద సైకిలు వద్దు.

మా అమ్మాయి మిగతావన్నీ తల ఊపుతూ వింది గానీ, సైకిలు మాట దగ్గర మొహం తిప్పుకుంది. ట్యూషనుకీ, స్నేహితురాళ్ళ ఇళ్ళకీ, చర్చికీ అన్నిటికీ దానికి సైకిలే. ఆ రోజునుంచి మా ఆయన స్కూటరు మీద దింపి తెచ్చేవారు. డ్యూటీలో ఉంటే నేను ఆటోలో తీసుకెళ్ళేదాన్ని. పదహారేళ్ళ పిల్లకి అది ఎంత కష్టమో దాని నడకలోనే తెలిసేది.

మాత్రలతో నిద్ర ముంచుకొచ్చేది. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల, పుస్తకం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయేది. "మమ్మీ, బుర్రలో దూది కూరినట్టుంది" అనేది. బడిలో కొందరు దాని పక్కన కూర్చోవడం మానేశారు. సంఘంలో అందరూ మాకోసం ప్రార్థించారు. పాస్టరుగారు ఇంటికొచ్చి, చాలాసేపు మాతో కూర్చుని, చివర్లో చిన్న ప్రార్థన చేసి వెళ్ళారు. ఇంకో మూర్ఛ వచ్చింది. డాక్టరమ్మ మందు పెంచింది. నిద్ర కూడా పెరిగింది.

అప్పుడే మా బడిలో నాతోపాటు పనిచేసే దీదీ కుమ్హారిలో జరిగే ప్రార్థనకూటం గురించి చెప్పింది. ఆమెది ఇక్కడి ఊరే, ఇల్లు రుఆబాంధాలో. మంచి మనిషి. మా అమ్మాయి పడిపోయిన రోజు తన చున్నీ మడిచి దాని తలకింద పెట్టింది ఆమే. "ఒక్కసారి తీసుకెళ్దాం, చూద్దాం. ఆ సేవకుడు ప్రార్థిస్తే ఎంతమందికి బాగైందో నేను కళ్ళారా చూశాను" అంది హిందీలో. నాకూ ఆశ పుట్టింది. మా ఆయన షిఫ్టు మార్చుకున్నారు. మోకాళ్ళ నొప్పులని అత్తయ్య ఇంట్లో ఉండిపోయింది. మేము ముగ్గురం, దీదీ, లోకల్ రైలెక్కి కుమ్హారి వెళ్ళాం.

రేకుల హాలు నిండా జనం. ఢోలక్, హిందీ పాటలు, చప్పట్లు. ఆ సేవకుడికి నలభై ఏళ్ళుంటాయి. ప్రార్థించీ ప్రార్థించీ బొంగురుపోయిన గొంతు. ఒక మాట న్యాయంగా చెప్పాలి, ఆయన నటించలేదు. మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టినప్పుడు ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారడం నేను చూశాను. సువార్తలోని ఒక కథ చదివాడు. మూర్ఛ వచ్చి మంటల్లోనూ నీళ్ళలోనూ పడిపోయే కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి కథ. తండ్రీ యేసూ మాట్లాడుకున్నది దాటేసి, అపవిత్రాత్మని యేసు గద్దించిన చోట ఆపి, "బేటీ, తూ చంగీ హో గయీ" అన్నాడు. నువ్వు బాగైపోయావని. హాలంతా స్తోత్రాలతో మోగిపోయింది. మైకు దాని చేతికిచ్చి సాక్ష్యం చెప్పమన్నాడు. అది రెండు చేతులతో పట్టుకుని, "నేను బాగయ్యాను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడాయన నవ్వుతూ, "ఇక గోలీలు దేనికి? బాగుచేశానని ప్రభువు చెప్పాక కూడా గోలీ మింగితే ఆయన్ని నమ్మనట్టే కదా" అన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్న నా కూతురి మొహం వెలిగిపోతోంది. ఎన్నో నెలల తర్వాత చూశాను ఆ వెలుగు. దాన్ని ఆర్పడానికి ఏ తల్లికి మనసొస్తుంది? కానీ ఇంటికి రాగానే ఎప్పటిలాగే మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చి దానిముందు పెట్టాను. అది వాళ్ళ నాన్న వైపు చూసింది.

"ఒక్క వారం ఆపి చూద్దామా?" అన్నారు మా ఆయన.

"డాక్టరమ్మ ఏం చెప్పిందో మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. కానీ ఆయన చెప్పింది నిజమైతే? మన అపనమ్మకం వల్లే పిల్లకి బాగవకపోతే?"

ఆయన గొంతులో కోపం లేదు, భయమే ఉంది. మందు ఆపితే ఏమవుతుందోనని నా భయం. ఆపకపోతే ఏమవుతుందోనని ఆయన భయం. మంచం మీద కూర్చుని అంతా విన్న అత్తయ్య అడిగింది.

"గోలీలు మానీమని దేవుడు సెప్పినాడేటి, ఆ బాబు సెప్పినాడేటి?"

మా ఆయన మాత్ర వైపు చూశారు.

"దేవుడు సెప్పినట్టు నాకు తెలిసేదాకా పిల్లకి గోలీ ఇయ్యండి. పార్థన ఆపకండి, గోలీ ఆపకండి. రెండిటికీ ఒకటే నోరు, పార్థన బయటికొస్తాది, గోలీ లోపలికెల్తాది."

అమ్మాయి గ్లాసు అందుకుంది. మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. తాగిందనే అనుకున్నాం.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న చర్చికి తయారవుతున్నాం. అది వంటింట్లో పెనం మీద చీలాలు పోస్తోంది. ఇక్కడివాళ్ళు బియ్యప్పిండితో పోసే పల్చటి అట్లు, దానికి చాలా ఇష్టం. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే గరిటె కిందపడిన చప్పుడు, వెంటనే పెనం పడిన చప్పుడు వినిపించాయి. వెళ్ళేసరికి స్టవ్ ముందు నేలమీద కొట్టుకుంటోంది. మా ఆయన గ్యాస్ కట్టేశారు. నేను దాన్ని పక్కకి తిప్పాను. కుడి ముంజేయి పెనానికి ఆనుకుని కాలింది. ఎర్రగా, పొడుగ్గా పొంగింది చర్మం. తెలివొచ్చాక దానికి ముందు తెలిసింది ఆ మంటే. రెండోది, మా మొహాలు.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, అడగకుండానే చెప్పింది. కుమ్హారి నుంచి వచ్చినప్పట్నుంచీ మాత్ర నాలిక కింద దాచి, పెరట్లోకి వెళ్ళి ఊసేస్తోందట.

"ఎందుకే అలా చేశావు?" అన్నాను.

"అందరి ముందూ సాక్ష్యం చెప్పాను కదా మమ్మీ. బాగయ్యానని మైకులో చెప్పి, ఇంటికొచ్చి గోలీ మింగితే దేవుడి ముందు ఝూఠ్ చెప్పినట్టు కాదా?"

అది అబద్ధానికి భయపడి అంత పని చేసింది. దాన్ని ఎలా తిట్టను? డాక్టరమ్మకి విషయం చెప్పాం. ఆవిడా తిట్టలేదు. "నిద్ర వస్తోందని నాకు ముందే చెప్పాల్సిందమ్మా, మందు మారుస్తాను" అంది. కొత్త మందు రాసింది.

చెయ్యి మానింది గానీ పిల్ల మానలేదు. కుటుంబ ప్రార్థనలో కూర్చునేది, పాట పాడేది కాదు. వాక్యం చదివే వంతు వస్తే పుస్తకం పక్కవాళ్ళకి అందించేసేది. ఆదివారం వస్తే తలనొప్పి అనేది. ఒకరోజు నేను బతిమాలితే, "నాకు బాగుచెయ్యాలని ఆయన అనుకోలేదు. లేకపోతే నా నమ్మకం ఆయనకి చాలలేదు. రెండిట్లో ఏదో ఒకటి. అలాంటప్పుడు నేనెందుకు పాడాలి?" అంది. మా ఆయన ఆ మాట విని లేచి బయటికెళ్ళిపోయారు. ఆయన అప్పటికే వారంలో ఒకరోజు ఉపవాసం ఉంటున్నారు. తన పాపం వల్లే పిల్లకి ఇలా అవుతోందని ఆయన నాతో ఒకసారి అన్నారు.

నేను పొద్దున్నే లేచి కీర్తనల్లో నాకు ఓదార్పునిచ్చే నాలుగు మాటలు వెతుక్కునేదాన్ని. దొరికిన రోజు కాస్త ధైర్యంగా బడికి వెళ్ళేదాన్ని, దొరకని రోజు ఆ ధైర్యం ఉండేది కాదు. అత్తయ్య అలా వెతికేది కాదు. నిన్న ఎక్కడ ఆపిందో అక్కడినుంచే ఇవాళ మొదలుపెట్టేది. వంశావళి వచ్చినా, యుద్ధం వచ్చినా, గుడారం కొలతలు వచ్చినా అంతే.

ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని ములగాకు దూస్తున్నాం. అమ్మాయి మెట్టు మీద ఫోను చూసుకుంటోంది. అత్తయ్య చేతులు కడుక్కొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళో బైబిలు తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. కుమ్హారిలో చదివిన కథే. అమ్మాయి ఫోన్లోంచి తల ఎత్తలేదు. అత్తయ్య ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వెళుతోంది. ఒక పెద్ద మాట దగ్గర ఇరుక్కుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోంది. చివరికి అమ్మాయికి ఓపిక నశించింది.

"మామ్మా, ఛోడో, నేను చదువుతాను" అని లోపలికెళ్ళి తన హిందీ బైబిలు తెచ్చుకుంది. దానికి తెలుగు చదవడం సరిగా రాదు.

"సదువు తల్లీ. ఆ బాబు సగమే సదివినాడంట కదా. మిగతా సగం మనం సదువుదాం."

అమ్మాయి చదివింది. కొడుకుకి ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందని యేసు అడగడం, చిన్నప్పట్నుంచీ అని తండ్రి చెప్పడం, నమ్ముతున్నాను, నా నమ్మకంలో లోటుంటే నువ్వే సాయం చెయ్యి అని ఆ తండ్రి ఏడవడం.

"ఆగు" అంది అత్తయ్య. "ఆ కుర్రోడేటన్నాడు?"

"ఎవరు?"

"మూర్ఛొచ్చినోడు. నువ్వు నన్ను నమ్మినావా అని యేసయ్య ఆడ్ని అడిగినాడేటి?"

అమ్మాయి మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసింది. వేలితో వరసలు వెతికింది. "లేదు. వాళ్ళ నాన్నతోనే మాట్లాడాడు."

"ఆ నాయిన నమ్మకమైనా నిండుగా ఉన్నాదా?"

"లేదు. సగమే అన్నాడు కదా."

"మరి సగం నమ్మకం తెచ్చినోడ్ని పొమ్మన్లేదు. నేలమీద కొట్టుకుంటున్న పిల్లోడ్ని నీ నమ్మకమెంత అని అడగనేదు. ఆయనే అడగనిది, నిన్నడగడానికి ఇంకొకలెవరే? నిన్ను నువ్వే అడగడం ఎందుకే?"

అమ్మాయి ఆ వరసల మీద మళ్ళీ వేలు జరుపుకుంటూ వెళ్ళింది. తర్వాత చాలా చిన్నగా, "కానీ ఇందులో దెయ్యమని ఉంది మామ్మా. నాలో కూడా అదే ఉందా?" అంది.

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న లోపల పెట్టుకుని తిరుగుతోందని అప్పుడు తెలిసింది నాకు. చేతిలో ములగరెమ్మ అలాగే పట్టుకుని ఉండిపోయాను. అత్తయ్య మాత్రం కంగారుపడలేదు.

"ఆ కుర్రోడికేటున్నాదో యేసయ్యకి తెలిసినాది. నీకేటున్నాదో డాక్టరమ్మ సూసి సెప్పినాది. అందరిదీ ఒకటే అని నానెక్కడా సదవనేదు. మత్తయి మొదట్లో ఒక సోట రోగాలన్నీ వరసగా సెప్పినాడు, సూడు. దెయ్యాలు పట్టినోల్లు వేరేగా, పచ్చవాతపోల్లు వేరేగా. మద్దిన చాంద్రరోగులు అని ఇంకొకలున్నారు. అదేటో ఇన్నేళ్ళయినా నాకు తెల్దు. మీ దాంట్లో ఏటని ఉన్నాది?"

అమ్మాయి పేజీలు తిప్పింది. ఆ చోటు దొరికింది. చదవబోయి ఆగిపోయింది.

"మామ్మా" అంది. "మిర్గీ అని ఉంది."

"అంటే?"

"నాదే. డాక్టర్ చెప్పిన మాటే. అలగ్ సే రాశారు. దెయ్యాలవాళ్ళు వేరే, మేము వేరే."

అత్తయ్య తన తెలుగు బైబిల్లో ఆ మాట మీద వేలుపెట్టి చూసుకుంది, ఎన్నాళ్ళుగానో ఎదురింట్లో ఉన్న మనిషి పేరు ఇవాళే తెలిసినట్టు. "అలగేటి! ఇదా చాంద్రరోగమంటే" అంది. "అయితే నువ్వు ఈ పుస్తకంలో మొదట్నుంచీ ఉన్నావే. ఆయన దగ్గరికి తెచ్చినోల్లలో ఉన్నావు. తోసీసినోల్లలో నేవు."

అమ్మాయి ఏడ్చింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రిలో కూడా ఏడవనంతగా ఏడ్చింది. మేమిద్దరం ఊరుకోమనలేదు. ఏడవనిచ్చి, ములగాకు దూసుకుంటూ కూర్చున్నాం.

మా ఆయన మనసులో ముల్లు ఇంకా అలాగే ఉంది. కొన్నాళ్ళ తర్వాత ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనకి కూర్చున్నప్పుడు ఆయన వాళ్ళమ్మని అడిగేశారు.

"అమ్మా, మందులిచ్చి మనమే దేవుడికి అడ్డమొస్తున్నామేమోనని నాకు భయంగా ఉంటుంది."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. "మీ నాయినకి ఊపిరితిత్తులు పాడైనప్పుడు నాను ఎంత పార్థన సేసినానో నువ్వు సూసినావు. నీ సేత మందులు తెప్పించినాను, మింగించినాను. అయినా దేవుడు తీసుకెల్లిపోనాడు. నా నమ్మకం సాలక మీ నాయిన పోనాడని ఎవరైనా అంటే నువ్వు ఒప్పుకుంటావేటిరా?"

"ఎందుకొప్పుకుంటాను?" అన్నారాయన వెంటనే.

"మరి నీ కూతురు కాడ ఎందుకొప్పుకుంటన్నావు?"

ఆయన తలొంచుకున్నారు. అత్తయ్య గొంతు మెత్తబడింది. "దేవుడు మందు ముట్టడనుకుంటన్నావు నువ్వు. హిజ్కియా రాజు సంగతి మర్సిపోనావు" అని మనవరాలి వైపు తిరిగి ఎక్కడుందో చెప్పింది. అమ్మాయి తీసి చదివింది. పుండు లేచి మంచాన పడిన రాజు, చావు ఖాయమని ప్రవక్త చెప్పాక, గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తాడు. దేవుడు ప్రవక్తని వెనక్కి పంపి, నీ ఏడుపు చూశాను, నీకు ఆయుష్షు పెంచాను అంటాడు.

"బతికిస్తానని దేవుడే మాటిచ్చీసినాడా? ఇచ్చీసినాడు. మరి పుండు మానడానికి ప్రవక్త ఏటి పెట్టమన్నాడు? నా దాంట్లో అంజూరపు పళ్ళ ముద్ద అని ఉన్నాది."

అమ్మాయి తన పుస్తకంలో కింది వరస చూసి, కళ్ళు పెద్దవి చేసింది. "మామ్మా! ఇందులో టికియా అని ఉంది."

"టికియా అంటే?"

"గోలీని కూడా టికియా అంటారు. దవాయీ కీ టికియా! ఇక్కడ ముద్దే అనుకో, అంజీర్ కీ టికియా. కానీ టికియా!"

అది నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. మా ఆయన ముందు తమాయించుకున్నారు, తర్వాత కళ్ళు తుడుచుకుంటూ నవ్వేశారు. అత్తయ్యకి ఆ మాటలోని తమాషా పూర్తిగా అందలేదు గానీ, మనవరాలు నవ్వుతోందని తనూ నవ్వింది. ఆ రోజు ప్రార్థన చేసింది మా ఆయన. బాగుచెయ్యమని అడిగారు, డాక్టరమ్మ కోసం స్తోత్రం చెప్పారు, ఉపవాసాల గురించి ఏమీ అనలేదు. ప్రార్థనయ్యాక అమ్మాయి తనే లేచి వెళ్ళి మాత్ర వేసుకుంది. మేము దాని వెనక వెళ్ళలేదు.

దీదీ సంగతి కూడా చెప్పాలి. చెయ్యి కాలిన విషయం తెలిశాక ఆమె స్టాఫ్‌రూములో నా కళ్ళలోకి చూడ్డం మానేసింది. నాకూ మొదట్లో కోపంగానే ఉండేది. ఒక శనివారం బత్తాయిలు పట్టుకుని మా గేటు బయట నిలబడింది, లోపలికి రాకుండా. అత్తయ్యే చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీ వేసింది. దీదీకి తెలుగు రాదు, అత్తయ్యకి హిందీలో కూరగాయల బేరం వరకే వచ్చు. అందుకని మా అమ్మాయి మధ్యలో కూర్చుంది.

"నువ్వు దీని మంచి కోరే తీసుకెల్లినావని సెప్పు" అంది అత్తయ్య.

అమ్మాయి హిందీలో చెప్పింది. దీదీ ఏడ్చింది.

"ఆవిడ సేసిన పార్థన వట్టిది కాదని సెప్పు. గోలీ మానీమన్న మాటొకటే మనం ఒప్పుకోం. పార్థన మాకింకా కావాలని సెప్పు."

అది కూడా చెప్పింది అమ్మాయి. అంతటితో ఆగకుండా తన సొంతమాట కలిపింది. "దీదీ, మీరు నాకోసం ప్రార్థన ఆపకండి" అని, కట్టు విప్పిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. చెప్పించినది అత్తయ్యే అయినా, క్షమించింది మాత్రం అదే. నా కోపం ఆ క్షణంలో ఎటు పోయిందో నాకే తెలీదు. టీ పెట్టడానికి లోపలికెళ్ళాను.

కొత్త మందు పడింది. దూది కాస్త కాస్తగా తొలగిపోయిందని అదే చెప్పింది. పన్నెండు పాసై ఇప్పుడు దుర్గ్‌లో బి.కాం చదువుతోంది. మధ్యలో ఒకసారి జ్వరంలో మూర్ఛ వచ్చింది. అందరం బెదిరిపోయాం గానీ, ఈసారి అది నమ్మకం కొలుచుకుంటూ కూర్చోలేదు. మర్నాడు లేచి, "డాక్టర్ దగ్గరికెళ్దాం డాడీ" అంది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ మందు తగ్గిస్తూ వస్తోంది. పూర్తిగా ఆపుతుందో లేదో ఇంకా చెప్పలేదు. ఆపితే స్తోత్రం, ఆపకపోయినా స్తోత్రమేనని చెప్పగలిగేంత బలం నాకు ప్రతిరోజూ ఉండదు. ఉన్న రోజున చెబుతాను. లేని రోజున అత్తయ్య చెబుతుంటే ఆమెన్ అంటాను. ఇప్పుడు నేను కూడా నాలుగు మాటల కోసం వెతకడం మాని, వరసగా చదువుతున్నాను. కొన్ని అధ్యాయాలు ఏమీ ఇవ్వవు. ఎప్పుడో పని మధ్యలో గుర్తొస్తాయి.

మా సంఘంలో తెలుగు రాని పిల్లలు ఎక్కువయ్యారు. వాళ్ళకి హిందీలో ఆదివారపు తరగతి చెబుతున్నది మా అమ్మాయే. పోయిన నెలలో ఆరాధన అయ్యాక ఒక చిన్న వయసు తల్లి బాబునెత్తుకుని దాని దగ్గరికొచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళు. బాబుకి ఒళ్ళు బిగుసుకుపోతోందట, ప్రార్థించమని అడిగింది. మా అమ్మాయి బాబు పాదం పట్టుకుని కళ్ళు మూసుకుంది. పెద్ద గొంతుతో చెయ్యలేదు, నాకు వినపడలేదు. తర్వాత కళ్ళు తెరిచి ఏదో అడిగింది. ఆ తల్లి అడ్డంగా తల ఊపింది. అప్పుడు అది అన్న మాట మాత్రం వినపడింది.

"సోమవారం నా క్లాసులు మధ్యాహ్నం నుంచి. పొద్దున్న మీతో డాక్టర్ దగ్గరికి నేనొస్తాను. భయపడకండి, అక్కడ ఏ కిటికీ దగ్గర చీటీ తీసుకోవాలో నాకు తెలుసు."

అత్తయ్య నా చెయ్యి ఆసరాగా పట్టుకుని స్కూటరు పక్కన నిలబడి ఉంది. ఈమధ్య చెవులు కూడా సరిగా వినపడడం లేదు.

"ఏటంటన్నాది పిల్ల?" అని అడిగింది.

చెప్పాను.

ఆవిడ కాసేపు ఆ ఇద్దర్నీ, బాబునీ చూసింది. "అలగైతే సోమారం పొద్దున్నే ఉప్మా సేసి పెట్టు దానికి" అంది. "ఆ అమ్మిక్కూడా ఒక డబ్బా కట్టు. అక్కడ ఎంతసేపవుద్దో, ఏటో."